బిరుసు గెడ్డం, మెడ మీద పొక్కులు: ఏ కంపెనీ రేజరు కొంటే మంచిది?

మీరు అడిగింది ఇదీ: సొంతూరు పర్లాకిమిడి, ఉద్యోగం బరంపురంలో. గెడ్డం బిరుసు, మెడ దగ్గర వెంట్రుకలు వంకీ తిరిగి ఉంటాయి. మూడు రోజులకోసారి జిల్లెట్ మాక్ 3తో గీసుకుంటున్నారు. బుగ్గలు నున్నగా వస్తున్నాయి గానీ మెడ మీద మర్నాటికల్లా ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి. అద్దె గదిలో వచ్చేది బోరు నీళ్ళు. ఇంకాస్త డబ్బు పోసి జిల్లెట్ వాళ్ళదే అయిదు బ్లేళ్ళ ఫ్యూజన్‌కి వెళ్ళాలా, లేక గార్డ్, సూపర్‌మాక్స్, సెవెన్ ఓ క్లాక్ లాంటి చౌక సరుక్కి దిగాలా అన్నది సందేహం.

ఫ్యూజన్ కొనకండి. మీ గెడ్డానికి కావలసింది ఒంటి బ్లేడు. ఇప్పుడున్న పొక్కులు మానాక ఒక జిల్లెట్ గార్డ్ తెచ్చుకుని నెల రోజులు చూడండి. పొక్కులు మళ్ళీ లేవక, నునుపు మాత్రం చాలదనిపిస్తే అప్పుడు రెండంచుల బ్లేడు వేసే ఇనప సేఫ్టీ రేజరు, దాంట్లోకి సెవెన్ ఓ క్లాక్ సూపర్ ప్లాటినం, అంటే నల్ల అట్టపెట్టెలో వచ్చేది, తీసుకోండి. మాక్ 3 పారేయక్కర్లేదు. బుగ్గలకి అది పడుతోందని మీరే అన్నారు కదా, మెడ దాకా తేకుండా ఉంటే చాలు.

కారణం కంపెనీలో లేదు, బ్లేళ్ళ లెక్కలో ఉంది. రెండు మూడు బ్లేళ్ళు వరసగా ఉన్న కేట్రిడ్జిలో, అంటే పిడికి తగిలించి మార్చుకునే తలలో, మొదటి బ్లేడు వెంట్రుకను కోస్తూనే కాస్త పైకి లాగుతుంది. అది మళ్ళీ లోపలికి జారేలోపు వెనకాల బ్లేడు వచ్చి ఇంకొంచెం కింద కోస్తుంది. దాంతో మొన చర్మం మట్టం కన్నా కిందికి పోతుంది. నిటారు వెంట్రుక అయితే రెండో రోజు దాని దారిన అది పైకి వచ్చేస్తుంది. వంకీ వెంట్రుక అలా రాదు. పక్కకి తిరిగి, లోపలి నుంచే చర్మాన్ని పొడుస్తుంది. ఆ పోటుకి చుట్టూ వాచి ఎర్రబడేదే మీ పొక్కు. కొన్ని వెంట్రుకలు బయటికొచ్చాక వంగి మళ్ళీ చర్మంలోకి దిగుతాయి, ఫలితం అదే. జిల్లెట్ వాళ్ళ జంట బ్లేళ్ళ ట్రాక్ 2 వచ్చింది 1971లో, మూడు బ్లేళ్ళ మాక్ 3 1998లో, అయిదు బ్లేళ్ళ ఫ్యూజన్ 2006లో. నిటారు గెడ్డం ఉండి రోజూ ఆఫీసుకి నున్నగా వెళ్ళాలనుకునేవాళ్ళకి ఈ వరస బాగానే పనిచేస్తుంది. మీ మెడకి మాత్రం ఒక్కో బ్లేడూ ఒక్కో మెట్టు కిందికి కోసినట్టే.

ఇక కంపెనీలవారీగా.

జిల్లెట్ గార్డ్. 2010లో మన దేశం కోసమే తయారుచేసి వదిలారు. అప్పట్లో రేజరు 15 రూపాయలు, కేట్రిడ్జి 5 రూపాయలు. ఒక్కటే బ్లేడు, దాని ముందు చర్మాన్ని అణిచి పట్టే ప్లాస్టిక్ దువ్వెన పళ్ళు. అంతకు ముందు 2002లో వెక్టర్ అని ఒకటి తెచ్చారు. కుళాయి ధార కింద కాకుండా మగ్గుడు నీళ్ళలో ముంచి కడిగేవాళ్ళ చేతిలో అందులో వెంట్రుకలు ఇరుక్కుపోయేవి. గార్డ్‌కి వెనక పెద్ద సందు ఉంటుంది కాబట్టి మగ్గులో రెండుసార్లు ఆడిస్తే శుభ్రం. గాటు పడటం అరుదు. లోపం ఏమిటంటే పిడి తేలిక, పైపెదవి మీద ముక్కు కింద మూలకి సరిగా చేరదు. గార్డ్ కేట్రిడ్జి గార్డ్ పిడికే పడుతుంది, మీ మాక్ 3 పిడికి ఎక్కదు.

మాక్ 3, ఫ్యూజన్. నిజం చెప్పాలంటే తయారీలో రెండూ బాగుంటాయి. తల దానంతటదే వంగుతుంది, కొత్తవాడు పట్టుకున్నా తెగదు. ఫ్యూజన్ వెనక వైపు విడిగా ఒక బ్లేడు ఉంటుంది. చెవి పక్క కలంలు, ముక్కు కింద చోటు సరిచేయడానికి అది పనికొస్తుంది, నా దృష్టిలో దాని విలువ అక్కడే. ఇదే కంపెనీ స్కిన్‌గార్డ్‌లో రెండే బ్లేళ్ళు పెట్టి మధ్యలో చర్మాన్ని అణిచి పట్టి బ్లేళ్ళ నొక్కుడు తగ్గించే అడ్డు పెట్టారు. సేఫ్టీ రేజరంటే భయం ఉంటే, దొరికితే, మీలాంటివాళ్ళు చూడదగ్గది అదే.

సూపర్‌మాక్స్, టోపాజ్. మొదటిది ఠాణే విద్యుత్ మెటాలిక్స్‌ది, రెండోది కలకత్తా హర్బన్స్ లాల్ మల్హోత్రా కంపెనీది. చౌక, కానీ ఒక పెట్టెలోని బ్లేడు బాగుంటే పక్క బ్లేడు పీకొచ్చు. మెత్తటి గెడ్డానికి ఇబ్బంది లేదు. బిరుసు గెడ్డానికి మొదటిసారికే కొన్ని లాగినట్టుంటాయి. జంట బ్లేళ్ళ వాడి పారేసే రకాలు ఏ కంపెనీవైనా ఊరెళ్ళినప్పటికి సరే, రెండు మూడుసార్లకి మించి వద్దు.

ఆన్‌లైన్ కొత్త కంపెనీలు. లెట్స్‌షేవ్ బ్లేళ్ళు దక్షిణ కొరియా డోర్కోవి, పదునుకి వంక పెట్టలేం. బాంబే షేవింగ్ కంపెనీ లాంటివాళ్ళు ఇనప సేఫ్టీ రేజర్లు కూడా అమ్ముతున్నారు. పేరు ఏదైనా ముందు బ్లేళ్ళు లెక్కపెట్టండి, నాలుగూ ఆరూ అంటే మీకు కాదు. పైగా కేట్రిడ్జి అయిపోయినప్పుడు పర్లాకిమిడి అంగట్లో దొరుకుతుందా అన్నది కొనేముందే చూసుకోండి.

ఇప్పుడు రెండంచుల బ్లేడు సంగతి. ఇక్కడో సుళువుంది: ఏ కంపెనీ బ్లేడైనా ఏ రేజర్లోకైనా వెళ్తుంది. అందుకని నాలుగు రకాలు చిన్న పెట్టెలు తెచ్చుకుని ఒక్కోటీ రెండు వారాలు వాడి తేల్చుకోవచ్చు. జపాన్ ఫెదర్ అందరికన్నా పదును, చెయ్యి కుదరకముందు దాని జోలికి పోకండి. సెవెన్ ఓ క్లాక్ సూపర్ ప్లాటినం పదునుగా ఉంటుంది, బిరుసు వెంట్రుకని లాగదు. ఆకుపచ్చ పెట్టె ఆస్ట్రా సుపీరియర్ ప్లాటినం దానికన్నా ఒక పిసరు మెత్తన, మీ చర్మం త్వరగా మండేదైతే దాన్నుంచే మొదలుపెట్టండి. పదును తక్కువైతే గాట్లు తగ్గుతాయనుకోవడం పొరపాటు. మొండి బ్లేడుని చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది, మంట, గాటు రెండూ ఆ నొక్కుడు వల్లే. బరంపురం బడాబజార్ వైపు గుత్తగా కొనేటప్పుడు అక్షరాలు అలికినట్టున్నా, బ్లేడు చుట్టిన కాగితం వదులుగా ఉన్నా, తయారీదారు చిరునామా లేకపోయినా తీసుకోకండి. సెవెన్ ఓ క్లాక్ పేరుకి నకిలీలు కొత్త కాదు.

రేజరు మూడు ముక్కలుగా ఊడేది తీసుకోండి: పై టోపీ, కింది పలక, పిడి. పిడి అడుగు తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకునే రకం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఉప్పు నీళ్ళకి ఆ మరలో తెల్లటి పేరుడు చేరి బిగుసుకుపోతుంది. కింది పలక అంచు దువ్వెన పళ్ళలా కాకుండా నిండుగా ఉన్నదే మొదట. దువ్వెన పళ్ళది వారం రోజుల గెడ్డానికి బాగుంటుంది, కానీ ఎక్కువ కోస్తుంది.

బ్లేడు వేసేటప్పుడు చాలామంది చేసే తప్పు దాన్ని వంకరగా బిగించడం. టోపీని వెల్లకిలా పెట్టి, బ్లేడుని పదును లేని రెండు పొట్టి అంచుల దగ్గర పట్టుకుని, టోపీ పుల్లల మీద దించాలి. దానిపై పలక, ఆపైన పిడి. పిడి తిప్పేటప్పుడు కూడా వేళ్ళు ఆ పొట్టి అంచుల దగ్గరే ఉండాలి. బిగించాక రేజరుని కంటి ఎత్తుకి ఎత్తి ఎదురుగా చూడండి: రెండు పక్కలా బ్లేడు ఒకే వెడల్పున బయటికి కనబడాలి. ఒక పక్క ఎక్కువ కనిపిస్తే ఆ పక్క కొరుకుతుంది, రెండో పక్క అసలు కోయదు. అప్పుడు జనం బ్లేడుని తిడతారు. వదులు చేసి మళ్ళీ బిగిస్తే సరిపోయేదానికి.

గీసేటప్పుడు ముందు టోపీని బుగ్గకి ఆనించండి, పిడి నేలకి సమాంతరంగా ఉంటుంది. అక్కడి నుంచి పిడిని మెల్లిగా కిందికి దించుతూ రండి. బ్లేడు వెంట్రుకని తాకిన సన్నటి చప్పుడు వినిపించిన చోట ఆగండి. బ్లేడుకీ చర్మానికీ మధ్య అది దాదాపు 30 డిగ్రీలు. ఆ కోణం వదలకుండా రెండు మూడు సెంటీమీటర్ల చిన్న గీతలు. కేట్రిడ్జితో చెవి నుంచి గెడ్డం దాకా ఒకే లాగుడు అలవాటై ఉంటుంది, ఇక్కడ అలా లాగితే దవడ ఎముక మలుపు దగ్గర తెగుతుంది. చెయ్యి బరువు వెయ్యొద్దు, రేజరు బరువే చాలు. పిడి చివర బొటనవేలు, రెండు వేళ్ళతో పట్టుకుంటే నొక్కాలన్నా నొక్కలేరు.

మెడ దగ్గర వాటం తెలుసుకోకుండా ఏ రేజరూ పనిచేయదు. రెండు రోజులు పెరగనిచ్చి వేలితో నాలుగు వైపులా రుద్ది చూడండి. ఎటు రుద్దితే నున్నగా జారుతుందో అది వాటం, ఎటు గరుకుగా తగులుతుందో అది ఎదురు. బుగ్గల మీద వాటం చాలామందికి కిందికే. మెడ మీద అలా ఉండదు: కుత్తిక దగ్గర పైకీ, దవడ కింద పక్కకీ, కొందరికి సుడి తిరిగీ ఉంటుంది. పైనుంచి కిందికి గీస్తున్నాం కాబట్టి వాటం వెంటే పోతున్నాం అనుకుంటారు, మెడ కింది సగంలో అది అచ్చంగా ఎదురు. మీ పొక్కులు కింది సగంలోనే ఎక్కువైతే అనుమానం అక్కర్లేదు. కాగితం మీద బొమ్మ గీసి బాణాలు వేసుకోండి, అద్దం పక్కన అంటించుకోండి. మెడకి వాటం వెంట ఒక విడత, మళ్ళీ నురగ పట్టించి వాటానికి అడ్డంగా ఇంకో విడత. ఎదురు విడత మీకు వద్దు, ఎప్పటికీ వద్దు. రెండో చేత్తో చర్మాన్ని గట్టిగా సాగదీయడం కూడా మెడ మీద మానేయండి. సాగదీసి కోసి వదిలితే మొన లోపలికి పోతుంది, బహుళ బ్లేళ్ళు చేసే పనే మీ వేళ్ళు చేస్తాయి.

నీళ్ళు. సబ్బు రుద్దితే నురగ రాక, చేతికి జిడ్డు తెట్టులా మిగిలితే మీ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువని అర్థం. గోపాలపూర్, ఛత్రపూర్ వైపు తీరానికి దగ్గర పడేకొద్దీ ఉప్పదనం కూడా తోడవుతుంది. ఇలాంటి నీళ్ళలో నురగ నిమిషంలో విరిగిపోతుంది, రెండో బుగ్గకి వచ్చేసరికి వట్టి చర్మం మీద గీస్తుంటారు. మరిగిస్తే కొంత సున్నం అడుక్కి చేరుతుంది గానీ అంతా పోదు. ముఖం కడుక్కోవడం ఆ నీళ్ళతోనే కానివ్వండి, నురగ కలిపేందుకు మాత్రం ఆర్‌ఓ ఫిల్టరు నీళ్ళు అర గ్లాసు విడిగా తీసుకోండి. అంతకుమించి అక్కర్లేదు. కుంచెని రెండు నిమిషాలు నానబెట్టి, గట్టిగా విదిలించి, బాదం గింజంత క్రీము పెట్టి, ఖాళీ గిన్నెలో నిమిషం పాటు తిప్పండి. చెంచాడు చెంచాడుగా నీళ్ళు చేర్చండి. బుడగలు కనబడుతూ తేలిగ్గా ఉంటే గాలి ఎక్కువైంది. పెరుగులా మెరుస్తూ, కుంచె ఎత్తితే కొస వంగితే సరైన నురగ. క్రీము గోద్రెజా, పామోలివా, వి-జానా అన్నది పెద్ద తేడా కాదు, పుదీనా చల్లదనం ఉన్నది మాత్రం మీ మెడకి ఇప్పట్లో వద్దు. డబ్బా నొక్కితే వచ్చే ఫోమ్ పైకి గుట్టలా కనిపిస్తుంది, అందులో గాలే ఎక్కువ.

గీసుకోవడం స్నానం అయ్యాక. నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి సుళువుగా తెగుతుంది, అందుకు రెండు మూడు నిమిషాల తడి చాలు. నిద్ర లేస్తూనే పొడి మొహం మీద క్రీము రాసుకుని గీసేవాళ్ళు ఏ కంపెనీ కొన్నా అదే ఫిర్యాదు చేస్తారు.

బ్లేడు ఎన్నాళ్ళు? బిరుసు గెడ్డానికి రెండంచులది మూడు నాలుగుసార్లు, గార్డ్ అయిదారుసార్లు, మాక్ 3 ఏడెనిమిది. లాగినట్టు అనిపించిన రోజే మార్చండి, రేపటికి దాచకండి. ఉక్కు కన్నా వెంట్రుక యాభై రెట్లు మెత్తన, అయినా బ్లేడు ఎందుకు మొండిబారుతుందని 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద చూశారు. అంచు నున్నగా అరగడం లేదు, వంగిన వెంట్రుక తగిలిన చోట సూక్ష్మంగా పెళ్ళలు ఊడుతోంది. కాబట్టి ఎంత ఆరబెట్టినా బ్లేడు శాశ్వతంగా నిలవదు. అలాగని తడిగా వదిలేయమని కాదు. మన తీరం గాలికి ఉప్పు మరకలు త్వరగా పడతాయి. వాడాక కడిగి, విదిలించి, స్నానాల గది బయట నిలబెట్టండి. తువ్వాలుతో అంచు తుడిస్తే పదునూ పోతుంది, తువ్వాలూ చిరుగుతుంది.

డబ్బు లెక్క ఊరికీ అంగడికీ మారుతుంది, పద్ధతి చెప్తాను: కేట్రిడ్జి ధరని అది వచ్చే సార్లతో భాగించండి. ఉదాహరణకి మాక్ 3 కేట్రిడ్జి 120 రూపాయలు, ఎనిమిదిసార్లు అనుకుంటే ఒక్కసారికి 15. మూడు రోజులకోసారి అంటే ఏడాదికి దాదాపు 120 సార్లు, 1,800 రూపాయలు. రెండంచుల బ్లేడు 3 రూపాయలు, నాలుగుసార్లు అనుకుంటే ఒక్కసారికి 75 పైసలు, ఏడాదికి 90. ఇనప రేజరుకి మొదట పెట్టింది మొదటి ఏడాదిలోనే తిరిగొచ్చేస్తుంది. మీ అంగడి ధరలు పెట్టి మీరే వేసుకోండి.

ఇప్పుడున్న పొక్కుల మీద కొత్త రేజరు పెట్టొద్దు. మూడు నాలుగు వారాలు మెడ మీద గీత మానేసి, ట్రిమ్మరుతో మిల్లీమీటరు ఉంచి కత్తిరించండి. ఆఫీసులో ఎవరూ ఏమీ అనరు. లోపలికి దిగిన వెంట్రుకని పిన్నీసుతో తవ్వకండి, అక్కడ నల్లమచ్చ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. వేడినీళ్ళ గుడ్డ అయిదు నిమిషాలు కాపడం పెడితే కొస బయటపడుతుంది, అప్పుడు పట్టకారుతో పైకి ఎత్తి వదిలేయండి, పీకొద్దు. చీము పట్టినా, మచ్చ గట్టిపడి ఉబ్బుతున్నా రేజర్లు మార్చడం ఆపి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ చర్మం ఓపీలో చూపించుకోండి.

పొక్కులు మానాక సెలూన్‌లో గీయించుకుంటానంటే, అక్కడ వేసేదీ ఒంటి బ్లేడే, రెండంచుల బ్లేడుని సగానికి విరిచి కత్తిలో బిగిస్తారు. సరైన చేతిలో అంతకన్నా మంచి షేవింగ్ లేదు. మెడ మీద ఎదురు గీత వద్దని ముందే చెప్పండి, కొత్త బ్లేడు మీ ఎదురుగా విప్పించండి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ అన్నీ రక్తం ద్వారా పోయేవే కాబట్టి బ్లేడు విషయంలో అందరికీ జాగ్రత్త వచ్చింది. పటిక బిళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. తెగిన మొహాలన్నింటి మీదా రుద్దేది ఆ ఒక్క బిళ్ళే. మీది మీరు పట్టుకెళ్ళండి, బజార్లో ఫిట్‌కిరి అని అడిగితే ఇస్తారు. ఇంట్లోనూ అదే చాలు: తడి మొహం మీద ఒకసారి రుద్ది, అర నిమిషం ఆగి కడిగేయండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ నొక్కారని లెక్క, మర్నాడు అక్కడ చెయ్యి తేలిక చేయండి. స్పిరిట్ వాసన వచ్చే ఆఫ్టర్ షేవ్ మీకు వద్దు.

బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రకి వేషం కట్టే ఉద్దేశం ఉంటే గెడ్డం ముందు రోజు పొద్దున్నే గీసేయండి. అప్పుడే గీసిన చర్మం మీద రంగు పూస్తే, బరంపురం ఎండలో, చెమటతో కలిసి మంట పుట్టిస్తుంది. అంతేకాదు, తెరుచుకున్న గాట్లలో రంగు దిగితే వారం రోజులు పోదు.

వాడేసిన బ్లేళ్ళని చెత్త సంచిలో వేయకండి, పొద్దున్నే దాన్ని ఉత్త చేత్తో ఎత్తేది మునిసిపాలిటీ మనిషి. ఖాళీ పౌడరు డబ్బా మూతకి చాకుతో సన్నటి చీలిక పెట్టి, మూత బిగించి, బ్లేళ్ళు అందులోకి జారవిడవండి. ఒక డబ్బా నిండటానికి ఏళ్ళు పడుతుంది. నిండాక పాత ఇనుము కొనేవాడికి, లోపల బ్లేళ్ళున్నాయని చెప్పి మరీ ఇవ్వండి.